బొమ్మకు తరుగుండదు.. అంతా మజూరీయే!

ఆర్ట్ ఫెయిర్‌కు వెళ్తే బొమ్మలే కాదు, వాటి చుట్టూ ఉన్న కొలువులూ కనిపిస్తాయి

ప్రొద్దుటూరులో నగ కొన్న ఎవరికైనా బిల్లు చదవడం వచ్చు. ఇంత బరువు, ఈ రోజు రేటు, ఇంత తరుగు, ఇంత మజూరీ, పైన పన్ను. నగ నచ్చకపోయినా బంగారం విలువ బంగారానికి ఉంటుంది. ఇప్పుడు అదే కళ్లతో ఒక పెయింటింగ్ కింద అంటించిన ధర చీటీ చూడండి. క్యాన్వాస్ గుడ్డ, రంగులు, ఫ్రేమ్.. అన్నీ కలిపినా పేరున్న చిత్రకారుడి బొమ్మ ధరలో అవి చాలా చిన్న భాగం. కరిగిస్తే వచ్చేదేమీ లేదు. మిగతాదంతా మజూరీ, ఆ మజూరీకి విలువ తెచ్చిన పేరు.

ఆ పేరు ఎట్లా తయారవుతుంది? దాన్ని నమ్మి డబ్బు పెట్టేదెవరు? మధ్యలో ఎంతమందికి పని దొరుకుతుంది? ఇవన్నీ ఒకేచోట చూడాలంటే ఆర్ట్ ఫెయిర్‌కు వెళ్లాలి. పెన్సిల్ పట్టడం రానివాళ్లు కూడా ఒక్కసారైనా వెళ్లదగ్గ చోటు అది. మన మూడు ఊళ్లకు.. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులకు.. అట్లాంటిది ఒక్క రాత్రి బస్సు దూరంలోనే ఉంది.

ఫెయిర్, బినాలే, సంత

ముందు పేర్ల తేడా తెలుసుకుందాం. ఆర్ట్ ఫెయిర్ అంటే కొనడం, అమ్మడం జరిగే చోటు. మన దేశంలో పెద్దది ఢిల్లీలోని ఇండియా ఆర్ట్ ఫెయిర్. 2008లో ఇండియా ఆర్ట్ సమిట్ పేరుతో మొదలైంది. ఇప్పుడు ఓఖ్లాలోని ఎన్ఎస్ఐసీ మైదానంలో ఫిబ్రవరి మొదటి రోజుల్లో నిర్వహిస్తున్నారు. అక్కడ స్టాళ్లు ఎక్కువగా గ్యాలరీలవి. లోపలికి పోవాలంటే టికెట్ కొనాలి.

బినాలే అంటే రెండేళ్లకోసారి జరిగే ప్రదర్శన. 2012 డిసెంబర్ 12న కేరళలో మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలే మనకు తెలిసిన ఉదాహరణ. అక్కడ ముఖ్యం చూడటం, ఆలోచించడం. అమ్మకం కోసం పెట్టింది కాదు.

మూడోది బెంగళూరు చిత్రసంతె. 1960లో ఏర్పడిన కర్ణాటక చిత్రకళా పరిషత్తు 2003 నుంచి దీన్ని నిర్వహిస్తోంది. జనవరిలో ఒక ఆదివారం కుమారకృపా రోడ్డులో వాహనాలు ఆపేసి, రోడ్డుకు రెండు పక్కలా బొమ్మలు పెడతారు. చాలా రాష్ట్రాల నుంచి వచ్చే చిత్రకారుల సంఖ్య దాదాపు 1500. ప్రవేశం ఉచితం. గ్యాలరీ మధ్యలో ఉండదు. వేసినవాళ్లే నిలబడి అమ్ముతారు. అచ్చం మన వారపు సంత మాదిరే!

ఇద్దరం, రెండు ప్రశ్నలు

నేను బీకాం చదివి ప్రొద్దుటూరులో ఒక నగల దుకాణంలో లెక్కలు చూస్తున్నాను. నా మిత్రుడిది జమ్మలమడుగు. డిగ్రీ అయిపోయింది. బ్యాంకు పరీక్షల కోచింగ్ నడుస్తోంది. చేతిలో మాత్రం ఎప్పుడూ స్కెచ్ పుస్తకం ఉంటుంది. గోడల మీద పేర్లు రాయడం, పెళ్లిళ్లకు బొమ్మలు వేసివ్వడం వాడి చిన్న సంపాదన.

వాళ్ల నాయన నేత పని చేస్తారు. కొడుకు ఫైన్ ఆర్ట్స్ చదువుతానంటే ఆయన గట్టిగా అడ్డం చెప్పారు. ‘నేసినోడికి కూలి, అమ్మినోడికి లాభం. నేను చూసిందే చాలు. మళ్లీ నువ్వు చేత్తో చేసే పనిలోకే పోతానంటే ఎట్లా?’ అన్నారు. ఆ మాటకు వాడి దగ్గర జవాబు లేదు. ‘పోయి చూసొద్దాం పా మామా.. ఉందో లేదో తెలిసిపోతాది’ అన్నాడు. అందుకే 2025 జనవరి 5న జరిగిన సంతెకు ఇద్దరం బయల్దేరాం. వాడి ప్రశ్న: ఇందులో బతకొచ్చా? నా ప్రశ్న: ధర ఎట్లా కడతారు?

రాత్రి బస్సు ముద్దనూరు, పులివెందుల, కదిరి మీదుగా తెల్లారేసరికి బెంగళూరు చేరింది. మెజెస్టిక్ నుంచి ఆటోలో కొంచెం దూరమే. మేం పోయేసరికి ఇంకా కొందరు తాళ్లు కట్టి బొమ్మలు తగిలిస్తున్నారు. అదే మంచి సమయం. పది దాటితే నిలబడటానికి చోటుండదు. చిత్రకారులు బేరాల్లో పడిపోతారు, మనతో మాట్లాడే తీరిక ఉండదు.

వెయ్యి బొమ్మల్లో మనం ఎక్కడ?

మొదటి గంటలో ఒకటి అర్థమైంది. బుద్ధుడు, పరుగెత్తే గుర్రాలు, రాధాకృష్ణులు, వర్షంలో గొడుగు.. ఇవి అడుగడుగునా ఉన్నాయి. బాగున్నాయి కానీ ఎవరు వేశారో గుర్తుండదు. జనం ఆగిన స్టాళ్లలో ఎక్కువ భాగం వేరేవి. ఒకాయన తన ఊరి రైల్వే స్టేషన్‌నే ఇరవై రకాలుగా వేశాడు. ఒకామె వంటింటి సామాన్లు తప్ప ఇంకోటి వేయలేదు.

మావాడు ఆమె దగ్గర ఆగి ‘అక్కా, మాది జమ్మలమడుగు, నేనూ వేస్తాను’ అని స్కెచ్ పుస్తకం చూపించాడు. ఆమె తెలుగులోనే మాట్లాడింది. గుర్రం బొమ్మలన్నీ తిప్పేసి, గండికోట దగ్గర పెన్న లోయను వేసిన పేజీలో ఆగింది. ‘ఇది నువ్వు చూసి వేసినట్టుంది. మిగతావి ఫోన్‌లో చూసి వేసినట్టున్నాయి’ అంది. వాడు కాసేపు మాట్లాడలేదు.

ఆమె చెప్పింది కొత్త సంగతి కాదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె.లక్ష్మాగౌడ్ తన పల్లె మనుషులను, మేకలను గీసి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. కరీంనగర్ ప్రాంతం బూరుగుపల్లికి చెందిన తోట వైకుంఠం పల్లెలో చూసిన ఆడవాళ్లనే వేశారు. పెద్ద బొట్టు, ముదురు రంగు చీరలు చూస్తే సంతకం చదవక్కర్లేదు, వైకుంఠం బొమ్మ అని తెలిసిపోతుంది. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు గమనించాల్సింది ఇంకోటి ఉంది. లక్ష్మాగౌడ్ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. వైకుంఠం సినిమాలకు కళా దర్శకత్వం చేశారు, 1988 నాటి ‘దాసి’కి జాతీయ పురస్కారం అందుకున్నారు. బొమ్మ ఒక్కటే కూడు పెట్టేదాకా వీళ్లు ఇంకో పని చేస్తూనే ఉన్నారు.

మన దగ్గర సరుకుకు కొదవ లేదు. మేం దాటి వచ్చిన ముద్దనూరు మండలంలోనే చింతకుంట రాతి చిత్రాలున్నాయి. ఎప్పుడో ఆదిమానవులు ఎరుపు, తెలుపు రంగులతో జంతువులను, మనుషులను గీసిన బండలవి. పక్కనున్న ధర్మవరం వైపు పోతే నిమ్మలకుంట తోలుబొమ్మలు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తిరుపతి వైపు పోతే శ్రీకాళహస్తి కలంకారీ.

లెక్క రాస్తే ఏం తేలింది?

నా ప్రశ్నకు జవాబు కోసం ఐదారు స్టాళ్లలో అడిగాను. ‘ఈ ధర ఎట్లా పెట్టినారన్నా?’ అంటే చాలామంది దాచకుండా చెప్పారు. కొందరు చదరపు అంగుళానికి ఇంత అని కడతారు. కొందరు పోయినేడు అమ్మిన ధరకు కొంత కలుపుతారు. అందరూ చెప్పిన మాట ఒకటే: ఒకసారి పెంచిన ధర తగ్గించకూడదు. తగ్గిస్తే ముందు కొన్నవాళ్ల నమ్మకం పోతుంది.

తిరిగొచ్చేటప్పుడు మావాడి కోసం ఒక ఉజ్జాయింపు లెక్క వేశాను. ఒక బొమ్మ రూ.4,000కు అమ్మాడనుకుందాం. క్యాన్వాస్, రంగులు రూ.600. ఫ్రేమ్ రూ.700. ప్రయాణం, స్టాలు ఖర్చులో ఆ బొమ్మ వాటా రూ.300. మొత్తం రూ.1,600 పోతే మిగిలేది రూ.2,400. వేయడానికి ఐదు రోజులు పడితే రోజుకు రూ.480. అదీ అమ్ముడుపోతేనే! ఇదే బొమ్మ గ్యాలరీ ద్వారా అమ్మితే సాధారణంగా 30 నుంచి 50 శాతం దాకా కమీషన్ పోతుంది. దానికి బదులు గ్యాలరీ కొనేవాళ్లను వెతుకుతుంది, ప్రదర్శన పెడుతుంది, పేరు పెంచుతుంది.

‘అంటే మా నాయన చెప్పిందే నిజమా?’ అన్నాడు మావాడు. పూర్తిగా కాదు. చీర అమ్మేశాక నేసినవాళ్లకు దాంతో సంబంధం ఉండదు. బొమ్మ సంగతి వేరే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, సొంతంగా వేసిన బొమ్మను అమ్మినా దాని కాపీరైట్ రాసివ్వనంత వరకు చిత్రకారుడిదే. కొన్నవాళ్లు గోడకు తగిలించుకోవచ్చు కానీ క్యాలెండర్లు అచ్చేసి అమ్ముకోకూడదు. డబ్బు తీసుకుని ఎవరైనా చెప్పినట్టు వేసిచ్చిన బొమ్మలకు మాత్రం నియమం వేరు. అందుకని ఆర్డరు తీసుకునేటప్పుడే కాగితం రాసుకోవాలి. రూ.10,000 దాటిన ధరకు అసలు బొమ్మ మళ్లీ చేతులు మారితే అందులో 10 శాతానికి మించకుండా వాటా అడిగే హక్కు కూడా అదే చట్టంలోని 53ఏ సెక్షన్ ఇస్తోంది.

కాపీరైట్ చేతిలో ఉంది కాబట్టి అదే బొమ్మకు 25 ప్రింట్లు తీసి ఒక్కోటి రూ.300కు అమ్మొచ్చు. ఖర్చు రూ.100 అనుకుంటే 25కూ మిగిలేది రూ.5,000. అసలు బొమ్మ కన్నా ఎక్కువ! సంతెలో చాలా స్టాళ్లలో పెద్ద బొమ్మలు చూపుకు, చిన్న ప్రింట్లు అమ్మకానికి ఉన్నట్టు అనిపించింది.

బొమ్మకు హాల్‌మార్క్ ఏది?

ఇప్పుడు నగ మీద ఆరు అక్షరాలంకెల హాల్‌మార్క్ గుర్తు లేకుండా అమ్మకూడదు. బొమ్మకు ఆ పని చేసేవి వేరే ఉన్నాయి. చిత్రకారుడి సంతకం, ఏడాది, అసలుదేనని ఇచ్చే సర్టిఫికెట్, బిల్లు, ఇంతకుముందు ఎవరి దగ్గర ఉందో చెప్పే చరిత్ర. ఎచ్చింగ్ లాంటి ప్రింట్ల కింద పెన్సిల్‌తో 3/25 అని రాసి ఉంటుంది. మొత్తం 25 ప్రతులు తీస్తే ఇది మూడోది అని అర్థం.

ఎం.ఎఫ్.హుస్సేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసి బతికినవారు. ఆయన 1954లో వేసిన ‘గ్రామ్ యాత్ర’ 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో కోటీ 37 లక్షల డాలర్లకు పైగా పలికింది. మన డబ్బులో వంద కోట్లు దాటింది. ఆ సంఖ్య చూసి ఈ రంగంలోకి దూకకూడదు. అది లక్షల్లో ఒకరి కథ. కానీ ఆ స్థాయి ధర దగ్గర ఒక్క కాగితం తేడా వచ్చినా బేరం నిలవదు. ఆ కాగితాలు చూసే మనుషులు కావాలి. ఉద్యోగాలు మొదలయ్యేది అక్కడే.

బొమ్మ చుట్టూ ఉన్న కొలువులు

బీకాం, బీబీఏ వాళ్లకు: గ్యాలరీలు, వేలం సంస్థల్లో అమ్మకాలు, బిల్లింగ్, బీమా, సరుకు లెక్క. ఏ బొమ్మ ఎక్కడుంది, ఎవరికి పోయింది, ఏ స్థితిలో ఉంది అని నమోదు చేసేవారిని రిజిస్ట్రార్ అంటారు. 2000లో ముంబయిలో మొదలైన శాఫ్రన్‌ఆర్ట్ లాంటి సంస్థలు ఆన్‌లైన్‌లోనే వేలం నడుపుతున్నాయి.

బీఏ, సాహిత్యం చదివినవాళ్లకు: క్యాటలాగ్ రాయడం, అనువాదం, సందర్శకులకు బొమ్మను వివరించే మీడియేటర్ పని. బినాలేలు, మ్యూజియాల్లో ఇది మంచి మొదటి మెట్టు. కన్నడం, తెలుగు, ఇంగ్లిష్ మూడూ వస్తే బెంగళూరులో అదనపు బలం.

బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకు: కన్జర్వేషన్. అంటే పాత బొమ్మలు, తాళపత్రాలు, గుడ్డలు పాడవకుండా కాపాడటం, పాడైనవి బాగుచేయడం. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్, మ్యూజియాలజీ, కళా చరిత్రలో పీజీ కోర్సులున్నాయి.

ఇంజినీరింగ్ వాళ్లకు: పులివెందుల జేఎన్‌టీయూలో చదివేవాళ్లూ ఆలోచించొచ్చు. ప్రదర్శన లైటింగ్, గదిలో తేమ, వేడి అదుపు, త్రీడీ స్కానింగ్, డిజిటల్ ఆర్కైవ్, వెబ్‌సైట్లు.. ఇవన్నీ ఈ రంగానికి కావాలి.

చేతి పని వచ్చినవాళ్లకు: ఫ్రేమింగ్, ప్యాకింగ్, బొమ్మలను జాగ్రత్తగా తరలించి తగిలించే ఆర్ట్ హ్యాండ్లర్ పని. చూడటానికి చిన్న పనే. చేయి జారితే నష్టం లక్షల్లో ఉంటుంది కాబట్టి నమ్మకస్తులకు గిరాకీ ఉంది.

ఒక మాట దాచకూడదు. ఈ కొలువుల్లో ఎక్కువ భాగం ఢిల్లీ, ముంబయి, బెంగళూరుల్లోనే ఉన్నాయి. చాలావరకు ఇంటర్న్‌షిప్‌తో, తక్కువ జీతంతో మొదలవుతాయి. ప్రకటనలు పెద్దగా రావు. పరిచయాల ద్వారా భర్తీ అవుతాయి. ఆ పరిచయం దొరికే చోటే ఫెయిర్.

చదవాలంటే..

బీఎఫ్ఏ నాలుగేళ్లు, ఆపైన ఎంఎఫ్ఏ రెండేళ్లు. కడపలో 2020లో ఏర్పాటైన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం మనకు దగ్గరది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్లో పీజీ చేయొచ్చు. బరోడా ఎంఎస్ యూనివర్సిటీ, శాంతినికేతన్ కళాభవన్ దేశంలో పేరున్నవి. ఎక్కడ చేరినా ఆ ఏడాదికి కోర్సుకు అన్ని అనుమతులు ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి.

కేంద్ర సాంస్కృతిక శాఖ 18-25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు ఉపకార వేతనం ఇస్తోంది. చిత్రలేఖనం, శిల్పం కూడా ఇందులో ఉన్నాయి. గురువు దగ్గర నేర్చుకున్నట్టు ఆధారం అడుగుతారు కాబట్టి సర్టిఫికెట్లు, పాత బొమ్మలు భద్రంగా ఉంచుకోండి.

మావాడు ఏం తేల్చుకున్నాడు?

కోచింగ్ మానలేదు. పొద్దున మూడు గంటలు దానికే. సాయంత్రం రెండు గంటలు బొమ్మలకు. గుర్రాలు, బుద్ధుళ్లు ఆపేశాడు. పెన్న లోయ, మగ్గం గుంత, మైలవరం డ్యాం.. ఈ మూడింటి మీదే పన్నెండు బొమ్మలు పూర్తి చేసి సంతెకు దరఖాస్తు చేయాలన్నది లక్ష్యం. రెండేళ్ల గడువు పెట్టుకున్నాడు. అప్పటికి బ్యాంకు ఉద్యోగం వస్తే జీతంతో రంగులు కొంటాడు. రాకపోతే ఫ్రేమింగ్, గ్యాలరీ పనుల వైపు బెంగళూరు పోతాడు. ప్రతి అమ్మకం, ఖర్చు ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాడు. దాన్ని నెలకోసారి చూసే పని నాది.

మగ్గం గుంత బొమ్మ పూర్తయ్యాక వాళ్ల నాయన చాలాసేపు చూశారట. ‘దీనిమీద నీ పేరు యాడ రాసినావు?’ అని మాత్రం అడిగారట. కింద కుడి మూల చూపించాడు. ‘కొంచెం పెద్దగా రాయి’ అన్నారట.

మీరు వెళ్తే ఇవి గుర్తుంచుకోండి

- ఒంటరిగా కాకుండా ఇద్దరు వెళ్లండి. ఒకరికి బొమ్మలు, ఇంకొకరికి లెక్కలు తెలిసి ఉంటే మంచిది. ఒకే స్టాలులో ఇద్దరికీ వేర్వేరు సంగతులు కనిపిస్తాయి.

- మీ బొమ్మలు చూపించాలంటే పది మించకుండా తీసుకెళ్లండి. కొనేవాళ్లు నిలబడి ఉన్నప్పుడు తెరవొద్దు. ఉదయాన్నే గానీ, జనం పలచబడ్డాక గానీ అడగండి.

- ఫొటో తీసే ముందు అనుమతి తీసుకోండి. మీ నంబరు, బొమ్మల పేజీ ఉన్న చిన్న కార్డు పది రూపాయల ఖర్చుతో పెద్ద పని చేస్తుంది.

- ‘ఎంత సంపాదిస్తారు?’ అని అడగొద్దు. ‘సంతె లేని మిగతా రోజుల్లో ఏం చేస్తారు?’ అని అడగండి. నిజమైన జవాబు అక్కడ దొరుకుతుంది. మాకు వినిపించిన జవాబుల్లో ఎక్కువ.. డ్రాయింగ్ టీచర్, యానిమేషన్, పుస్తకాలకు బొమ్మలు.

- క్యాన్వాస్ చుట్టి బస్సులో తీసుకెళ్లాలంటే రంగు వేసిన వైపు బయటికి ఉండేలా లావు గొట్టానికి చుట్టండి. లోపలికి చుడితే రంగు నలిగి పగుళ్లిస్తుంది.

- అదే ఆదివారం సమయం మిగిలితే ప్యాలెస్ రోడ్డులోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ చూడండి. దూరం కాదు. సంతెలో చూసిన బొమ్మలకు, అక్కడి బొమ్మలకు తేడా ఏంటో రాసుకోండి.

- స్టాలు పెట్టాలనుకునే చిత్రకారుల నుంచి పరిషత్తు కొన్ని నెలల ముందే దరఖాస్తులు తీసుకుంటుంది. జనవరి సంతె కోసం దసరా నుంచే పరిషత్తు ప్రకటనల మీద కన్నేసి ఉంచండి. బొమ్మలు మాత్రం ఇప్పటి నుంచే మొదలుపెట్టండి.